పోర్ట్ వైన్: ఏ రకం కొనాలి, దేంతో తినాలి, డోరో లోయకు ఎన్ని రోజులు కావాలి

మీరు అడిగినవి నాలుగు సంగతులు. గోవాలో తాగిన తియ్యటి ‘పోర్ట్ వైన్’, పోర్చుగల్‌లో అమ్మే పోర్ట్ ఒకటేనా? రూబీ, టానీ, ఎల్‌బీవీ (లేట్ బాటిల్డ్ వింటేజ్), వింటేజ్ అని రాసి ఉన్నవాటిలో ఏది కొనాలి? దేంతో తినాలి, మన ఇంటి వంటలతో కుదురుతుందా? సెప్టెంబరు చివర్లో మీ దంపతులు పోర్తో నగరంలో నాలుగు రోజులు ఉంటారు కాబట్టి, పోర్ట్ ద్రాక్ష పండే డోరో లోయకు ఒక రోజు కేటాయిస్తే సరిపోతుందా? లండన్ రెస్టారెంట్లలో వైన్ సర్వీస్ చూసుకోవడం నా వృత్తి. చాలా ఏళ్లుగా కోతల సమయానికి డోరో వెళ్లే అలవాటు ఉంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

తొందరలో ఉంటే ఇది చాలు: ఒకే సీసా కొనేట్టయితే 20 ఏళ్ల టానీ కొనండి. రెండు కొనగలిగితే రెండోది ఎల్‌బీవీ. వింటేజ్ ఈసారికి వద్దు. లోయకి ఒక రోజు చాలదు, ఒక రాత్రయినా లోయ మధ్యలోని పిన్యావ్ ఊళ్లో ఉండండి. ఎందుకో కింద చెప్తాను.

గోవా సంగతి ముందు. 1961 దాకా అక్కడ పోర్చుగీసు పాలన ఉంది, ఆ పేరు అలా నిలిచిపోయింది. మన దేశంలో ‘పోర్ట్’ పేరుతో చౌకగా దొరికే తియ్యటి ఎర్ర వైన్‌కీ డోరో నదికీ సంబంధం లేదు. యూరప్ చట్టం ప్రకారం ఉత్తర పోర్చుగల్‌లో గీసిన హద్దుల లోపల పండిన ద్రాక్షతో, అక్కడి పద్ధతిలో చేసినదానికే ఆ పేరు పెట్టాలి. గోవాలో ఒక గ్లాసు తాగి ‘పోర్ట్ నాకు పడదు’ అని తేల్చేసినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లు అసలు పోర్ట్ ఇంకా రుచి చూడలేదు. మీరు కూడా అంతే, కాబట్టి కొత్తగా మొదలుపెట్టండి.

ఇది తియ్యగా, ఘాటుగా ఎందుకుంటుందో తెలిస్తే మిగతావన్నీ సులువుగా అర్థమవుతాయి. మామూలు రెడ్ వైన్‌లో ద్రాక్షరసంలోని చక్కెరనంతా ఈస్ట్ తినేసి ఆల్కహాల్‌గా మారుస్తుంది. పోర్ట్ విషయంలో రసం రెండు మూడు రోజులు పులిసి, చక్కెర దాదాపు సగం మిగిలి ఉండగానే, అందులో 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష స్పిరిట్ పోస్తారు. సుమారుగా నాలుగు వంతుల రసానికి ఒక వంతు స్పిరిట్. ఆ దెబ్బకి ఈస్ట్ చచ్చిపోతుంది, పులియడం ఆగిపోతుంది, మిగిలిన చక్కెర మిగిలినట్టే ఉంటుంది. చివరికి తేలేది 19 నుంచి 22 శాతం ఆల్కహాల్, లీటరుకి దాదాపు 100 గ్రాముల చక్కెర. ఈ తీపి ద్రాక్షలోదే, బయటి నుంచి కలిపింది కాదు. అయినా చక్కెర చక్కెరే, షుగర్ ఉన్నవాళ్లు లెక్క చూసుకోవాలి. గ్లాసులో 60, 70 మిల్లీలీటర్లకు మించి పోసుకోకండి. మామూలు వైన్ తాగినట్టు తాగేది కాదు ఇది.

ఇక్కడో చిక్కు ఉంది. మామూలు రెడ్ వైన్ తొక్కలతో కలిసి వారం, పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉంటుంది కాబట్టి రంగు, వగరు నిదానంగా దిగుతాయి. పోర్ట్‌కి ఉన్నది రెండు మూడు రోజులే. అందుకే డోరోలో ద్రాక్షను కాళ్లతో తొక్కే పద్ధతి ఈనాటికీ పోలేదు. లగార్ అనే వెడల్పాటి గ్రానైట్ తొట్టిలో తొడల దాకా ద్రాక్ష నింపుతారు. మనుషులు వరసల్లో భుజాలు పట్టుకుని నిలబడి, ఒకరు అడుగు లెక్క చెప్తుంటే చాలాసేపు ఒకే తాళంలో తొక్కుతారు. ఆ వరసలు విడిపోయాక పాటలు, అకార్డియన్, తొట్టిలోనే డాన్సులు. పాదం తొక్కను బాగా నలుపుతుంది గానీ చేదు గింజను చితక్కొట్టదు. అదే దాని గొప్పతనం. ఇప్పుడు చాలా కంపెనీలు పాదాల్లా కదిలే యంత్రాలు పెట్టుకున్నాయి, వాటితోనూ మంచి వైన్ వస్తోంది. అయినా పేరున్న కొన్ని తోటలు తమ అతి మంచి ద్రాక్షను ఇంకా కాళ్లకే అప్పగిస్తాయి.

స్పిరిట్ పోయడం ఎలా మొదలైందంటే, వెనక ఇంగ్లాండు, ఫ్రాన్సుల గొడవ ఉంది. ఫ్రెంచి వైన్ దొరకడం కష్టమై ఇంగ్లీషు వర్తకులు పోర్చుగల్ మీద పడ్డారు. 1703లో కుదిరిన మెథ్యూయెన్ ఒప్పందం పోర్చుగీసు వైన్‌కి ఫ్రెంచి వైన్ కన్నా తక్కువ సుంకం ఖాయం చేసింది. ఓడలో పాడవకుండా మొదట్లో కొంచెం బ్రాందీ కలిపేవాళ్లు. పులుస్తుండగానే మధ్యలో పోసి తీపిని నిలబెట్టడం మెల్లగా అలవాటై, 19వ శతాబ్దంలో స్థిరపడింది. గిరాకీ పెరిగేసరికి కల్తీ కూడా పెరిగింది. పలచటి వైన్‌కి రంగు రావడానికి ఎల్డర్‌బెర్రీ పళ్ల రసం కలిపేవాళ్లు. 1756లో పోర్చుగల్‌ను నడిపిస్తున్న మార్క్విస్ ఆఫ్ పొంబాల్ ఈ వ్యవహారం తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఒక రాజ కంపెనీ పెట్టి, మంచి తోటలున్న నేలకు హద్దులు గీయించి, గ్రానైట్ రాళ్లు పాతించాడు. ఎల్డర్ చెట్లను వేళ్లతో పీకించాడు. ప్రభుత్వం హద్దు గీసి, నియమాలు పెట్టి నడిపించిన వైన్ ప్రాంతాల్లో డోరో అన్నిటికన్నా పాతవాటిలో ఒకటి. ఆ రాళ్లు కొన్ని ఇప్పటికీ తోటల్లో కనిపిస్తాయి.

స్పిరిట్ కలపడాన్ని గట్టిగా వ్యతిరేకించినవాడు కూడా ఉన్నాడు. జోసెఫ్ జేమ్స్ ఫారెస్టర్ అనే బ్రిటిష్ వర్తకుడు డోరో నదికి అద్భుతమైన పటాలు గీశాడు, దానికి మెచ్చి పోర్చుగల్ అతనికి బారన్ బిరుదు ఇచ్చింది. మంచి వైన్‌కి బ్రాందీ అక్కర్లేదని 1844లో కరపత్రం వేసి తోటి వర్తకులందరితో వైరం తెచ్చుకున్నాడు. 1861లో వలేరా దగ్గర సుడుల్లో పడవ తిరగబడి, తాను పటం గీసిన ఆ నదిలోనే మునిగిపోయాడు. అదే పడవలో ఉన్న డోనా ఆంటోనియా ఫెరైరా బతికి బయటపడింది. ఆవిడ ఆ కాలంలో డోరోలోకెల్లా పెద్ద తోటల యజమానురాలు. గాలి నిండిన పెద్ద గౌను ఆవిణ్ణి నీటి మీద తేల్చిందని అక్కడ కథగా చెప్పుకుంటారు. ఫారెస్టర్ వాదన అప్పుడు ఓడిపోయింది గానీ, ఇవాళ డోరో నుంచి స్పిరిట్ కలపని చక్కటి రెడ్ వైన్లు కూడా వస్తున్నాయి. వాటి దగ్గరకు మళ్లీ వస్తాను.

ఇప్పుడు నేల గురించి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. డోరో స్పెయిన్‌లో పుట్టి పడమటికి పారి, పోర్తో దగ్గర అట్లాంటిక్‌లో కలుస్తుంది. పోర్తోలో ద్రాక్షతోటలు కనబడవు, వాన, పొగమంచు, సముద్రపు గాలి ఉంటాయి. తూర్పుగా వెళ్లి మరావ్ కొండలు దాటితే వాతావరణం పూర్తిగా మారిపోతుంది. సముద్రం నుంచి వచ్చే మబ్బుల్ని ఆ కొండలు ఆపేస్తాయి. లోయ పడమటి కొసన, అంటే బైషు కోర్గులో, ఏడాదికి 900 మిల్లీమీటర్ల దాకా వాన పడితే, స్పెయిన్ సరిహద్దు వైపున్న డోరో సుపెరియోర్‌లో సగం కూడా పడదు. మధ్యలో పిన్యావ్ చుట్టూ ఉన్నది సీమా కోర్గు. పేరుమోసిన వింటేజ్ తోటల్లో చాలావరకు అక్కడే ఉన్నాయి. ‘తొమ్మిది నెలలు చలి, మూడు నెలలు నరకం’ అని అక్కడివాళ్లు తమ వాతావరణాన్ని చెప్పుకుంటారు. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం మామూలే.

ఆ కొండల మీద మట్టి అని చెప్పుకోదగ్గది లేదు. ఉన్నది షిస్ట్ అనే పలకరాయి. చాలాచోట్ల దాని పొరలు అలమరలో పుస్తకాలు పేర్చినట్టు నిటారుగా నిలబడి ఉంటాయి. వాన నీళ్లు ఆ పొరల మధ్య నుంచి కిందకి దిగిపోతాయి, వాటి వెంటే తీగ వేళ్లు కూడా మీటర్ల లోతుకు దిగుతాయి. పైన ఆకులు మాడే ఎండలో కూడా తీగ బతికేది ఆ లోతులోని తడితోనే. పక్కనే గ్రానైట్ నేల మొదలయ్యే చోట వేళ్లు అంత లోతుకు పోలేవు. పొంబాల్ తర్వాత వచ్చిన హద్దులు చాలావరకు ఈ షిస్ట్ వెంటే నడుస్తాయి. పగలంతా ఎండకి కాగిన రాయి రాత్రి ఆ వేడిని కాయలకిస్తుంది. కాపు తక్కువ, కాయ చిన్నది, తొక్క మందం. రెండు మూడు రోజుల్లోనే అంత రంగు, అంత వగరు దిగడానికి మూలం ఈ తొక్కే.

ఇలాంటి వాలు మీద వ్యవసాయం అంటే ముందు గోడ కట్టాలి. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి, పగలగొట్టిన షిస్ట్‌తో వెనక నింపి, మనుషులు చేతులతో నేలను తయారు చేసుకున్నారు. 1860లలో ఫిలోక్సెరా అనే వేరు పురుగు వచ్చి తోటల్ని తినేసింది. వదిలేసిన కొన్ని మెట్లను ఎవరూ మళ్లీ నాటలేదు. రైల్లోంచి చూస్తే, గోడలు కూలి, పొదలు అల్లుకుని, అక్కడక్కడ ఆలివ్ చెట్లతో అవి కనిపిస్తాయి. 1970ల నుంచి బుల్డోజర్లతో గోడలు లేని మట్టి మెట్లు చెక్కారు, కొన్నిచోట్ల వాలు వెంట నిలువుగా వరసలు వేశారు. పక్కపక్క కొండల మీద ఈ మూడు పద్ధతులూ ఒకేసారి కనిపిస్తాయి. 2001లో యునెస్కో ఈ లోయను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది ఆ మనుషుల శ్రమను చూసే అని నా నమ్మకం.

ద్రాక్ష రకాలు పదుల్లో ఉన్నాయి. తూరిగా నాసియోనాల్, తూరిగా ఫ్రాంకా, తింతా రోరిజ్, తింతా బరోకా, తింతో కావ్ ముఖ్యమైనవి. పాత తోటల్లో ఇవన్నీ కలిపి నాటేవాళ్లు, కలిపే కోసేవాళ్లు. పేర్లు బట్టీ పట్టక్కర్లేదు, పోర్ట్ దాదాపు ఎప్పుడూ కలగలుపే. ప్రతి తోటకీ నేల, ఎత్తు, వాలు, తీగల వయసు లాంటివి చూసి పాయింట్లు వేసి, ఏ నుంచి ఎఫ్ వరకు గ్రేడు ఇస్తారు. ఆ ఏడాది ఎంత రసానికి స్పిరిట్ పోసి పోర్ట్ చేయవచ్చో ఆ గ్రేడును బట్టే రైతుకి అనుమతి వస్తుంది. మిగిలిన ద్రాక్ష మామూలు వైన్‌కి పోతుంది.

ఇక మీ అసలు ప్రశ్న, ఏది కొనాలి. సీసా చేతిలోకి తీసుకుని ఒక్కటే అడగండి: ఈ వైన్ చెక్కలో ముదిరిందా, గాజులో ముదిరిందా? రుచి, పక్కన తినే తిండి, మూత తీశాక ఎన్నాళ్లు నిలుస్తుంది, అన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

చెక్కలో ముదిరేది టానీ. 550 లీటర్ల చిన్న పీపాల్లో ఏళ్ల తరబడి పడుకుంటుంది. చెక్క సందుల్లోంచి గాలి కొద్దికొద్దిగా తగులుతుంది, ఏటా కొంత ఆవిరవుతుంది. ఎర్ర రంగు ఇటుక రంగుకి, ఆ తర్వాత తేనె రంగుకి మారుతుంది. పచ్చి పండు వాసన పోయి బాదం, వాల్‌నట్, ఎండు అత్తి, నారింజ తొక్క, మాడీ మాడని చక్కెర పాకం వాసనలు వస్తాయి. 10, 20, 30, 40 అని సీసా మీద ఉంటుంది, ఇప్పుడు 50 కూడా వచ్చింది. ఆ అంకె ప్రతి బొట్టు వయసూ కాదు. వేరువేరు వయసుల పీపాలను కలిపి ఆ వయసుకి తగ్గ రుచి తెస్తారు. పోర్ట్ నియంత్రణ సంస్థలోని రుచి చూసే బృందం ఒప్పుకుంటేనే ఆ అంకె వేసుకోవచ్చు. ఒకే ఏడాది ద్రాక్షతో చేసి, కనీసం 7 ఏళ్లు పీపాలో ఉంచి, ఆ ఏడాదిని సీసా మీద వేస్తే దాన్ని కుల్యేతా అంటారు. పుట్టిన సంవత్సరం, పెళ్లయిన సంవత్సరం చూసి బహుమతిగా కొనేవాళ్లకి అది మంచిది. టానీ ముదరాల్సిందంతా పీపాలోనే ముదిరిపోయింది, సీసాలో ఇంకా బాగుపడదు. కాబట్టి దాచకండి, తాగేయండి. వెనక లేబుల్ మీద సీసాలో నింపిన సంవత్సరం ఉంటుంది, ఈమధ్య నింపినది చూసి కొనండి.

నేను 20 ఏళ్ల దానికే ఎందుకు ఓటేస్తానంటే, 10లో పండు ఇంకా గట్టిగా ఉంటుంది, 40లో గాఢత ఎంత ఉంటుందంటే చాలామందికి రెండు గుక్కలు చాలు. 20లో రెండూ సమంగా ఉంటాయి, ధర కూడా 30, 40లకు ఎగిరినంతగా ఎగరదు.

రెండో దారి రూబీ, ఎల్‌బీవీ, వింటేజ్‌లది. వీటిలో గాలిని వీలైనంత దూరం పెడతారు. మామూలు రూబీ రెండు మూడేళ్లు పెద్ద తొట్లలో ఉండి సీసాలోకి వస్తుంది. ముదురు ఎరుపు, చెర్రీ, బ్లాక్‌బెర్రీ రుచి, చవక. రిజర్వ్ అని రాసి ఉంటే కొంచెం మెరుగైన రూబీ. ఎల్‌బీవీ ఒకే ఏడాది ద్రాక్షతో చేసింది, 4 నుంచి 6 ఏళ్ల మధ్య సీసాలో నింపుతారు. వింటేజ్ రుచిలో చాలా భాగం చాలా తక్కువ ధరకి ఇస్తుంది, కొన్న రోజే తాగొచ్చు. ఎల్‌బీవీల్లో వడకట్టనివి దొరికితే వాటినే తీసుకోండి, అడుగున కొంచెం మడ్డి ఉంటుంది గానీ రుచిలో నిండుతనం ఎక్కువ.

వింటేజ్ అన్నిటికన్నా పైమెట్టు. ఆ ఏడాది అసాధారణంగా పండిందని కంపెనీ నమ్మితేనే ప్రకటిస్తుంది. 1994, 2011 అలాంటి సంవత్సరాలు. 2016, 2017 వరసగా రెండేళ్లూ చాలా కంపెనీలు ప్రకటించాయి, అలా జరగడం అరుదు. రెండో, మూడో ఏట సీసాలో నింపేసి, అక్కడి నుంచి పని సీసాకి వదిలేస్తారు. 15, 20 ఏళ్లు, ఒక్కోసారి 50 ఏళ్లు పడుతుంది. చిన్న వయసులో మూత తీస్తే నోరంతా వగరు. ముదిరినదాన్ని ఒకరోజు ముందు నిలబెట్టి, మడ్డి కదలకుండా నెమ్మదిగా వేరే పాత్రలోకి వంచుకోవాలి, ఒకటి రెండు రోజుల్లో పూర్తి చేయాలి. హైదరాబాద్ ఎండల్లో, చల్లటి గది లేని ఇంట్లో 20 ఏళ్లు దాస్తే అది పాడవుతుంది. వద్దన్నది అందుకే. తాగాలనిపిస్తే, పోర్తో ఎదురుగా పోర్ట్ గోదాములున్న గాయా ఊళ్లోనే, ముదిరిన వింటేజ్‌ని గ్లాసు లెక్కన తాగండి.

మూత తీశాక ఎన్నాళ్లుంటుందో ఇదే లెక్కతో అర్థమవుతుంది. టానీ ఏళ్ల తరబడి గాలికి అలవాటు పడింది, ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు వారాలు బాగానే ఉంటుంది. రూబీ వారం, పది రోజులు. ఎల్‌బీవీ నాలుగైదు రోజులు. ఇద్దరే ఉన్న ఇంట్లో, ఎప్పుడో ఒకసారి చిన్న గ్లాసు తాగేవాళ్లకి టానీ అనుకూలం అనడానికి ఇది కూడా ఒక కారణం. టానీని చల్లగా, 12 డిగ్రీల దగ్గర తాగండి. ఎల్‌బీవీ, వింటేజ్ 16 డిగ్రీల దగ్గర. మన గది ఉష్ణోగ్రత 30 ఉంటుంది, ఆ వేడిలో ఏ పోర్ట్ అయినా స్పిరిట్ ఘాటు తప్ప ఏమీ తెలియదు. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టడం తప్పేమీ కాదు.

వైట్ పోర్ట్, రోజే పోర్ట్ కూడా ఉన్నాయి. వైట్ పోర్ట్‌లో టానిక్ నీళ్లు, ఐసు, నిమ్మ చెక్క వేసుకుని ఉప్పు బాదంతో సాయంత్రం నది ఒడ్డున తాగడం పోర్తోలో అందరూ చేసే పని. మీరూ చేయండి.

తిండికి వస్తే, ఎర్రగా ఉన్న రూబీ, ఎల్‌బీవీ, వింటేజ్‌లకి ఉప్పు, కొవ్వు ఉన్నవి కావాలి. ఇంగ్లాండులో క్రిస్మస్‌కి స్టిల్టన్ అనే నీలి చీజ్‌తో వింటేజ్ పోర్ట్ తాగుతారు. చీజ్‌లోని ఉప్పు వైన్ తీపిని పైకి తెస్తుంది, కొవ్వు వగరును మెత్తబరుస్తుంది. తర్కం తెలిస్తే స్టిల్టనే అక్కర్లేదు, ఏ ఘాటు చీజ్ అయినా సరే. పోర్చుగల్‌లో మాత్రం సేర్రా ద ఎష్‌త్రేలా అనే చీజ్ తినకుండా రావద్దు. గొర్రెపాలతో చేస్తారు, పండితే లోపల జారుగా ఉంటుంది, పైన పొర కోసి స్పూనుతో తీసుకుని తింటారు. ఆ పాలను ఒక ముళ్ల మొక్క పూలతో విరుస్తారు, జంతువుల నుంచి వచ్చేదేదీ వాడరు. శాకాహారులు చాలామంది చీజ్ విషయంలో టెన్షన్ పడతారు కాబట్టి చెప్తున్నాను. డార్క్ చాక్లెట్‌కి కూడా ఎల్‌బీవీయే జోడి. 70 శాతం కోకో దాకా బాగుంటుంది, అది దాటితే రెండు చేదులు కొట్లాడుకుంటాయి.

టానీకి చాక్లెట్ అంతగా నప్పదు. దానికి గింజలు, గుడ్డు, పాలు, కాల్చిన చక్కెర కావాలి. బాదం టార్ట్, క్యారమెల్ పుడ్డింగ్, పష్టెల్ ద నాటా అనే పోర్చుగీసు కస్టర్డ్ టార్ట్ అన్నీ దీని చుట్టాలే. డోరో సుపెరియోర్‌లో బాదం చెట్లు విస్తారంగా ఉన్నాయి, అక్కడి వేయించిన బాదం, ఎండు అత్తిపళ్లు, పక్కన టానీ, ఇంకేం అక్కర్లేదు. ఒక హెచ్చరిక: అబాద్ ద ప్రిష్‌కుష్ అనే పేరున్న పుడ్డింగ్‌లో పోర్ట్ వైన్‌తో పాటు పంది కొవ్వు కూడా వేస్తారు. గుడ్డు సొనతో చేసే పాత పోర్చుగీసు మిఠాయిలు కొన్నిటిలో కూడా అది ఉంటుంది. పడనివాళ్లు అడిగి తినండి.

అసలు భోజనంతో, అంటే కాల్చిన మేకపిల్ల మాంసంతోనో బకల్యావ్ చేపతోనో పోర్ట్ తాగకండి. తీపి ఆ రుచుల్ని కప్పేస్తుంది. అక్కడివాళ్లు మాంసంతో తాగేది ఇందాక చెప్పిన స్పిరిట్ కలపని డోరో రెడ్. పోర్ట్ భోజనం చివర్న వస్తుంది.

మన వంటల సంగతి. కారానికీ 20 శాతం ఆల్కహాల్‌కీ పొసగదు, మిరపకాయ మంటని ఆల్కహాల్ ఇంకా పెంచుతుంది. గోంగూర మాంసం, గుంటూరు కారం వేసిన వేపుళ్లు, బిర్యానీ, వీటి పక్కన పెట్టకండి. పులుపు కూడా సహించదు. మన స్వీట్లలో మాత్రం కొన్ని బ్రహ్మాండంగా కుదురుతాయి. చూడాల్సింది ఒక్కటే, స్వీటు వైన్ కన్నా ఎక్కువ తియ్యగా ఉండకూడదు. ఉంటే వైన్ చప్పబడి చేదుగా తగులుతుంది. పాకంలో మునిగిన గులాబ్‌జామ్, కాకినాడ కాజా అందుకే పనికిరావు. నేను ఇంటికి వచ్చినవాళ్లకి 10 ఏళ్ల టానీతో పెట్టేది సున్నుండలు. వేయించిన మినుముల వాసన, నెయ్యి, బెల్లం, ఈ మూడూ టానీలో ఉన్న వాసనలకి దగ్గరవే. తీపి తగ్గించి చేసిన ఖుబానీ కా మీఠా ఇంకా మంచి జోడి, ఆ ఎండు ఆప్రికాట్ రుచి టానీలో ముందే ఉంటుంది. వేయించిన జీడిపప్పు, పల్లీ చిక్కీ, ఖర్జూరం కూడా బాగుంటాయి. ఏలకులు బాగా దట్టించిన స్వీట్లు నాకు నచ్చలేదు, ఆ వాసన వైన్‌ని మింగేస్తుంది.

ప్రయాణం. పోర్తో ఎదురుగా నది అవతల ఒడ్డు విలా నోవా ద గాయా. పోర్ట్ కంపెనీల పెద్ద గోదాములన్నీ అక్కడ వాలు మీద వరసగా ఉంటాయి. లోయలో ఎండాకాలపు వేడికి పీపాలు తొందరగా ముదిరిపోతాయని, సముద్రపు చల్లదనం ఉన్న ఈ ఒడ్డుకి తెచ్చేవాళ్లు. పోర్ట్ గాయా నుంచే ఎగుమతి కావాలన్న నియమం 1986 దాకా ఉంది. రబేలు అనే అడుగు చదునుగా ఉన్న పడవల్లో పీపాలు సుళ్లు దాటుకుంటూ దిగేవి. డ్యామ్‌లు, లారీలు వచ్చి ఆ పని పోయింది, ఒడ్డున కట్టి ఉంచినవి చూపుకే. మొదటి రోజు గాయాలో రెండు గోదాములు చాలు, మూడో చోటికి నాలుక పనిచేయదు. ఒకచోట ఎర్రవి, ఇంకోచోట టానీలు చూడండి. 10, 20, 30, 40 టానీలు పక్కపక్కన చిన్న గ్లాసుల్లో ఇచ్చే రుచి ఎక్కడైనా ఉంటే డబ్బుకి వెనకాడకండి. ఈ ఒక్క గంటలో నేర్చుకునేది ఎంత చదివినా రాదు.

రెండో రోజు పొద్దున్నే పోర్తో నుంచి రైలెక్కండి. పిన్యావ్‌కి సుమారు రెండున్నర గంటలు. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పట్టండి, సగం దారి నుంచి పట్టాలు నీళ్లకి ఆనుకునే వెళ్తాయి. మధ్యలో వచ్చే రెగ్వా పెద్ద ఊరు, అక్కడ దిగిపోకండి, అసలు కొండలు దాని తర్వాతే. పిన్యావ్ స్టేషన్ గోడల మీద కోతల దృశ్యాలు గీసిన నీలం పలకలు చూడాల్సినవి. ఊరి చుట్టూ నడిచి వెళ్లగలిగిన తోటలున్నాయి. సెప్టెంబరు చివర్లో కోతలు జోరుగా ఉంటాయి కాబట్టి తోటవాళ్లకి తీరిక ఉండదు, ముందే బుక్ చేసుకోకపోతే లోపలికి రానివ్వరు. సాయంత్రం ద్రాక్ష తొక్కే కార్యక్రమానికి సందర్శకులను అనుమతించే తోటలు కొన్ని ఉన్నాయి. బుక్ చేసేటప్పుడే అడగండి. రాత్రి ఉండమన్నది దానికోసమే, పగలు వచ్చి పగలే వెళ్లే బృందాలకి అది దొరకదు. మర్నాడు వీలైతే అదే రైలులో చివరి స్టేషన్ పొసీన్యు దాకా వెళ్లి రండి. ఫారెస్టర్ మునిగిన వలేరా ఆ దారిలోనే వస్తుంది. అక్కడ మనుషులు తక్కువ, రాయి ఎక్కువ.

తెచ్చుకునే సంగతి. విదేశాల నుంచి మన దేశానికి వచ్చే పెద్దవాళ్లు ఒక్కొక్కరు 2 లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అంటే ఇద్దరికీ కలిపి 750 మిల్లీలీటర్ల సీసాలు నాలుగు. మీ లెక్కలో అయితే రెండు 20 ఏళ్ల టానీలు, రెండు ఎల్‌బీవీలు. బిరడా మీద నుంచి మెడ దాకా అతికించిన నియంత్రణ సంస్థ కాగితపు సీలు ఉందో లేదో చూసుకోండి, అంకె వేసి ఉంటుంది, అసలు పోర్ట్ ప్రతిదానికీ ఉంటుంది. దుస్తుల మధ్య చుట్టి చెక్-ఇన్ సామానులో పెట్టండి. ఇంటికి వచ్చాక టానీని నిలబెట్టే ఉంచండి, పొడవాటి బిరడా ఉన్న వడకట్టని ఎల్‌బీవీని మాత్రం పడుకోబెట్టండి. రెండిటినీ వంటగదికి దూరంగా, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే చోట పెట్టి, ఏడాది లోపల తాగేయండి. పిన్యావ్‌లో బస కోసం మీ బడ్జెట్ ఎంతో చెప్తే, ఏ తోటల్ని అడగాలో విడిగా రాస్తాను.